గొంతులో గరగర ఎక్కడ పుడుతుంది?
(నల్లగొండలో భజన, జానపద గాయకుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

సద్దుల బతుకమ్మ నాటికి మన దగ్గర ఎంతోమంది అక్కచెల్లెళ్ల గొంతులు బొంగురుపోతాయి. చెర్వుగట్టు జాతరలో రాత్రంతా భజన చేసినవాళ్లకు తెల్లారి మాట రాదు. వెంటనే మిరియాల కషాయం తాగుతాం. తాగండి, హాయిగానే ఉంటుంది. కానీ మింగినది ఆహారనాళంలోకి పోతుంది, గాలి దారిలో కంపించి శబ్దం పుట్టించే స్వరతంత్రులను తాకదు. తాకితే పొలమారుతుంది. వాటిదాకా నేరుగా చేరేది ఆవిరి. పాడే రోజు పొద్దుటినుంచే కొద్దికొద్దిగా నీళ్లు తాగుతుండాలి. పాటకు ముందు గటగటా తాగితే అప్పటికప్పుడు లాభం ఉండదు.

"గొంతు బాగలేదు" అని ఊరుకోకుండా, ఏ శబ్దం వస్తోందో ఫోన్‌లో రికార్డు చేసి వినండి. పాటలో గాలి వినిపిస్తే తంత్రులు రెండూ సరిగా కలవడం లేదని అర్థం. నోరు మూసి 'మ్' అని మెల్లగా పలికి, అది ఆగకుండానే 'మా' లోకి తెరవండి. పలుకు ఎత్తుకునేటప్పుడు టక్కుమని తగులుతుంటే తంత్రులను బిగపట్టి కొడుతున్నారన్నమాట. 'ఆ' కు ముందు వినీ వినిపించని 'హ' పెట్టి చూడండి. ముక్కుతో పాడుతున్నామన్న అనుమానం ఉంటే 'ఆ' పలుకుతూ ముక్కు మూసుకోండి. శబ్దం మారితే గాలి ముక్కులోకి పోతోంది. ఆవులించినప్పుడు అంగిలి వెనుక భాగం పైకి లేస్తుంది కదా, పాడేటప్పుడూ దాన్ని అలా లేపాలి.

పై స్వరంలో గొంతు చీలడానికి చాలాసార్లు కారణం శ్రుతే, అంటే పాటకు ఆధారంగా పట్టిన 'స' ఎత్తు. హార్మోనియం వాయించేవారికి అలవాటైన మెట్టు మన గొంతుకు సరిపడాలని ఏముంది? "అన్నా, ఒక మెట్టు దించు" అని అడగండి. అందులో చిన్నతనం ఏమీ లేదు. పందిట్లో బాక్సులన్నీ జనం వైపే తిప్పితే మన పాట మనకే వినపడదు, తెలియకుండానే అరుస్తాం. ఒక బాక్సు మన వైపు పెట్టించుకోండి. బతుకమ్మ దగ్గర డీజే పెట్టి, దాని మీదుగా ఆడవాళ్లను పాడమనడం నాకు బాధగా ఉంటుంది. ఆ పాటకు చప్పట్లు చాలు.

ఇక వైబ్రాటో. నిలిపిన స్వరం దానంతటదే పైకీ కిందికీ సన్నగా అలలా కదలడం అది. సెకనుకు 5 నుంచి 7 సార్లు కదిలితే చెవికి ఇంపుగా ఉంటుంది. అంతకన్నా నెమ్మదించి వెడల్పయితే స్వరం ఊగిసలాడుతుంది, మరీ వేగమైతే మేక అరుపులా వినిపిస్తుంది. గమకం వేరు. తోడి రాగంలో గాంధారాన్ని, అంటే 'గ' స్వరాన్ని, కావాలని, రాగం కోరినట్టు ఊపుతాం. వైబ్రాటోను అలా ఊపకూడదు. దవడ ఆడించో, పొట్ట కుదిపో తెచ్చిన వణుకు కొన్నాళ్లకు అలవాటై వదలదు. గడ్డం మీద వేలు పెట్టి, అద్దంలో నాలుక చూస్తూ పాడండి. అవి వణికితే టెన్షన్ అక్కడుంది.

వైబ్రాటో దానంతటదే రావడానికి నేను గట్టిగా నమ్మే సాధన స్ట్రాది. స్ట్రాను పెదవుల మధ్య పట్టి, దానిలోంచి ఒకే స్వరం 'ఊ' అని ఊదండి. ఎదురు ఒత్తిడి వల్ల తంత్రుల మీద భారం తగ్గుతుంది. తర్వాత స్ట్రా తీసి, శ్రమలేని స్థాయిలో 'ఆ' ను నిటారుగా, అంటే అల లేకుండా, నిలపండి. ఊపిరి అదే తీరుగా పోతుండగా మెడ, దవడ, నాలుక వదులు చేయండి. అల దానికదే మొదలవుతుంది. రాకపోతే ఆ రోజుకు వదిలేయండి, బలవంతం చేయొద్దు. వచ్చాక కూడా ప్రతి స్వరం మీదా వాడొద్దు. కోలాటంలో, బతుకమ్మలో పదిమంది ఒకే గొంతుగా పాడేటప్పుడు నిటారు స్వరమే కలుస్తుంది.

మాటిమాటికీ గొంతు సవరించుకోవద్దు. తంత్రులు ఒకదానికొకటి కొట్టుకుంటాయి. ఒక గుక్క నీళ్లు మింగండి. నొప్పి లేకపోయినా మూడు వారాలు దాటి బొంగురు తగ్గకపోతే చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించుకోవాలి. బీడీ, ఖైనీ అలవాటున్నవాళ్లు అస్సలు ఆలస్యం చేయొద్దు.

స్ట్రాలు పంచుతున్నారు, తలా ఒకటి తీసుకోండి. భుజాలు వదులు చేయండి. హార్మోనియం మీద మీకు సుఖమైన షడ్జం, అంటే 'స', అడిగి పట్టుకోండి, మొదలుపెడదాం.