సీటు దాకా పది మంది, సీటు తర్వాత ఒక్కడే

నమస్తే అండీ. ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో ఆదివారం తెల్లవారుజామున బెంగళూరు మడివాళలో నిలబడితే, అనంతపురం బస్సు, కడప బస్సు దిగేవాళ్లలో ఇంజనీరింగ్‌లో చేరడానికి వచ్చిందెవరో ఇట్టే చెప్పేయొచ్చు. పిల్లాడి వీపున కొత్త బ్యాగు. నాన్న చంకలో చుట్టిన పరుపు. అమ్మ చేతిలో ప్లాస్టిక్ బకెట్, బకెట్లో మగ్గు, మగ్గు పక్కన పాత తువ్వాల్లో చుట్టిన ఆవకాయ డబ్బా. వెనకాల మేనమామ. ఆయనెందుకంటారా? ప్రతి ఇంట్లోనూ ఒకరికి "బెంగళూరు బాగా తెలుసు" అని పేరుంటుంది. ఆయన రాకుండా పని జరగదు.

సాయంత్రానికి వీళ్లందరూ తిరుగు బస్సెక్కుతారు. పిల్లాడు మిగులుతాడు.

ఆ సాయంత్రం నుంచి పట్టా చేతికొచ్చే దాకా ఏం జరుగుతుందన్నదే ఇవాళ్టి మాట. సీటెలా తెచ్చుకోవాలో చెప్పే వీడియోలు తెలుగులో కొల్లలు. కర్ణాటక ప్రైవేటు కాలేజీల ప్రవేశ పరీక్ష కామెడ్‌కేలో ఈ ర్యాంకుకి ఏ కాలేజీ వస్తుంది, ఏ బ్రాంచి తీసుకోవాలి, అన్నీ ఉన్నాయి. సీటొచ్చాక నాలుగేళ్లు వాణ్ని ఎవరు చూసుకుంటారన్న ప్రశ్నకే జవాబు దొరకదు. నేను ఈ ఊళ్లో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పదకొండేళ్లు పాఠాలు చెప్పాను. ఇప్పుడు మానేశాను కాబట్టి కాస్త ధైర్యంగానే మాట్లాడతాను.

చేరేటప్పటి సంగతి ఒక్కటి చెప్పి ముందుకు వెళ్తాను. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీవాళ్లు సరిచూసి తిరిగి ఇచ్చేయాలి, తమ దగ్గర పెట్టుకోకూడదు. యూనివర్సిటీలను పర్యవేక్షించే యూజీసీ 2018లో ఇచ్చిన నోటిఫికేషన్‌లో ఇది స్పష్టంగా ఉంది. తర్వాతి రౌండులో ఇంకోచోట సీటొచ్చి మానేస్తే ఫీజు ఎంత తిరిగి రావాలో కూడా అందులోనే ఉంది. అడ్మిషన్ల చివరి తేదీకి పదిహేను రోజుల ముందే చెబితే మొత్తం వస్తుంది, ప్రాసెసింగ్ కింద 5 శాతం, అదీ 5,000 రూపాయలు మించకుండా పట్టుకోవచ్చు. ఆ తర్వాత ఆలస్యమయ్యే కొద్దీ 90, 80, 50 శాతం అని తగ్గుతుంది, చివరి తేదీ పోయి నెల దాటితే సున్నా. కౌంటర్ దగ్గర "అలా కుదరదు సార్" అన్నారని వెనక్కి వచ్చేసిన తండ్రులు నాకు చాలామంది తెలుసు. మాటతో ఊరుకోకుండా కాగితం మీద రాసి ఇవ్వండి, దాని మీద తేదీ వేయించుకోండి.

ఇక అసలు కథ. మా అన్న కొడుకు. మాది మదనపల్లె. వాడు ఇంటర్ ఒక కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో చదివాడు, వెయ్యికి 960 పైనే వచ్చాయి. బెంగళూరులో కంప్యూటర్ సైన్సులో చేర్పించాం. మొదటి ఇంటర్నల్స్‌లో, అంటే సెమిస్టర్ మధ్యలో కాలేజీవాళ్లే పెట్టే పరీక్షల్లో, మ్యాథ్స్ పోయింది. ఫిజిక్స్ అంచుమీద నిలబడింది. ఈ సంగతి మా అన్నకు తెలియదు, నాకూ తెలియదు. నేనుండేది వాడుండే పీజీ హాస్టల్‌కి ఆరు కిలోమీటర్ల దూరంలో, పైగా నేను చేసేది లెక్చరర్ ఉద్యోగం! ఆదివారం వాడు ఇంటికొచ్చేవాడు, మేం బిర్యానీ పెట్టి పంపేవాళ్లం. సన్నబడ్డాడని మా ఆవిడ అంది. నేను పీజీ తిండి అనుకున్నాను.

మా అన్న రోజూ రాత్రి ఫోన్ చేసేవాడు. "ఏమ్రా, తిన్యావా?" "ఆఁ." "చదువుతా ఉండావా?" "ఆఁ." "సరే, పండుకో." అయిపోయింది. నలభై సెకన్లు కూడా ఉండదు. ఇద్దరూ తమ వంతు చేశామనుకునేవాళ్లు.

వెయ్యికి 960 తెచ్చుకున్నవాడు మూడు నెలల్లో ఇలా ఎందుకయ్యాడు? ఇది మన తెలుగువాళ్లు ప్రత్యేకంగా ఆలోచించుకోవాల్సిన విషయం. ఇంటర్‌లో తెల్లవారి ఐదింటికి వార్డెన్ తలుపు కొడతాడు. స్టడీ అవర్, క్లాసు, మళ్లీ స్టడీ అవర్. రోజూ స్లిప్ టెస్ట్, ఆదివారం వీకెండ్ టెస్ట్, సోమవారం గోడ మీద మార్కులు. ఏ చాప్టర్ ఎప్పుడు చదవాలో, ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు నిద్రపోవాలో అన్నీ వేరేవాళ్లే చెబుతారు. ఆ పద్ధతి నాకు సుతరామూ నచ్చదు, అది వేరే వీడియో. రెండేళ్లు అలా బతికిన పిల్లాణ్ని తెచ్చి, తలుపు కొట్టేవాళ్లే లేని పీజీలో పడేస్తాం. వాడికి తెలియకుండానే ఆ తలుపు చప్పుడు కోసం ఎదురుచూస్తుంటాడు. అది రాదు. ఇంతలో మొదటి ఇంటర్నల్స్ వచ్చేస్తాయి.

ఉద్యోగంలో కొత్తలో నేనూ వీళ్లను బద్ధకస్తులనే అనుకున్నాను. రెండు మూడేళ్ల తర్వాత అర్థమైంది. పుస్తకం ముందు కూర్చోమంటే గంటలు కూర్చోగలరు, ఎవరో ఒకరు కూర్చోమనాలి. అప్పట్నుంచి మొదటి ఇంటర్నల్స్ పేపర్లు దిద్దేటప్పుడు మార్కుల కన్నా ఖాళీ పేజీలు చూడటం అలవాటు చేసుకున్నాను. తప్పులు రాసినవాడితో నాకు దిగుల్లేదు, వాడు క్లాసుకొస్తున్నాడు, ఏదో ప్రయత్నిస్తున్నాడు. తెల్ల కాగితం ఇచ్చినవాడి గురించే కంగారు. వాణ్ని ఆ వారంలోనే పిలిచి మాట్లాడాలి. సెమిస్టర్ రిజల్ట్స్ వచ్చాక పిలిస్తే ఏడుస్తాడు, అంతే.

ఆ వారమే ఎందుకంటే లెక్కలు అలా ఉంటాయి. బెంగళూరులో చాలా ఇంజనీరింగ్ కాలేజీలు బెళగావిలోని వీటీయూ అనే సాంకేతిక యూనివర్సిటీ కింద ఉంటాయి. దాని 2022 స్కీమ్, అంటే కోర్సు నిబంధనల ప్రకారం ఒక సబ్జెక్టుకి ఇంటర్నల్స్ 50, ఫైనల్ పరీక్ష 50. ఇంటర్నల్స్‌లో 20 రాకపోతే ఆ సబ్జెక్టు ఫైనల్ పరీక్షకే కూర్చోనివ్వరు. అంటే యూనివర్సిటీ పరీక్ష మొదలవక ముందే కథ తేలిపోతుంది. దీనికి తోడు హాజరు, ప్రతి సబ్జెక్టులోనూ విడివిడిగా 85 శాతం. 40 గంటల సబ్జెక్టు అనుకోండి, పోగొట్టుకోగలిగింది 6 గంటలు. మనకు సంక్రాంతి అంటే భోగి, పండగ, కనుమ, ఆపైన ముక్కనుమ, బస్సులో పోయే రోజు, వచ్చే రోజు. ఇక్కడ సెలవు ఒక్క రోజు. సెమిస్టర్ నడుస్తుండగా వారం ఇంటికెళ్లి వస్తే ఆ ఆరింటిలో మూడో నాలుగో పోయినట్టే. తర్వాత జ్వరమొస్తే ఇక కాగితాలు పట్టుకుని ఆఫీసు చుట్టూ తిరగాలి. సరైన కారణం చూపిస్తే ఇంకో పది శాతం దాకా మినహాయింపు ఇచ్చే వీలుంది, అది వాళ్ల దయ. అటానమస్ కాలేజీల్లో, డీమ్డ్ యూనివర్సిటీల్లో నిబంధనలు వేరుగా ఉంటాయి, చేరిన రోజే రూల్ బుక్ అడిగి తీసుకోండి. పండక్కి రమ్మని పిల్లల్ని పిలిచే ముందు అమ్మలు ఒక్కసారి వాడి హాజరు అడగండి. నాకు తెలుసు, అరిసెలు అప్పటికే చేసేసి ఉంటారు.

"మరి కాలేజీలో మెంటర్ ఉంటాడు కదా" అంటారు. ఉంటాడు. సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ ప్రకారం ఇరవై మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు, కాబట్టి మెంటర్‌కి కూడా సుమారుగా అంతమందే వస్తారు. ప్రతి ఒక్కరికీ ఒక పుస్తకం. కలిసిన తేదీ, మాట్లాడిన విషయం, విద్యార్థి సంతకం. కాలేజీలకు గ్రేడులిచ్చే న్యాక్ బృందం వస్తోందంటే ఆ పుస్తకాలన్నీ నిండాలి. నేను పని చేసిన చోట ఇరవై మందిని లైన్లో నిలబెట్టి ఒకే మధ్యాహ్నం ఏడాది సంతకాలన్నీ పెట్టించిన రోజు ఉంది. పెట్టించింది నేనే. అందులో ఒక పుస్తకంలో "విద్యార్థి సంతోషంగా ఉన్నాడు" అని రాశాను. ఆ అబ్బాయి రెండో ఏడాది మధ్యలో చదువు మానేసి వెళ్లిపోయాడు. ఆ వాక్యం నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది.

ఇక్కడే కౌన్సెలర్ సంగతి కూడా. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక అమ్మాయి మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో కొన్ని మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకుపైన విద్యార్థులున్న ప్రతి సంస్థలో కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలి. మార్కుల్ని బట్టి బ్యాచులుగా విడదీయకూడదు, అందరి ముందూ అవమానించకూడదు. చదవగానే ఆ సోమవారం గోడ గుర్తొచ్చింది నాకు. కాలేజీలో చేరేటప్పుడు ప్లేస్‌మెంట్ ఆఫీసు ఎక్కడని అందరూ అడుగుతారు. కౌన్సెలర్ గది ఎక్కడని కూడా అడగండి. తాళం వేసి ఉందా, మనిషి ఉన్నాడా చూడండి. కాలేజీలో చెప్పుకోవడానికి మొహమాటపడితే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, నంబరు 14416. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. దీన్ని వెనకుండి నడిపించేది మన హోసూరు రోడ్డు మీది మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్. ర్యాగింగ్ అయితే 1800 180 5522. రెండు నంబర్లూ పిల్లల ఫోన్లో మీరే సేవ్ చేసి పెట్టండి, అమ్మ నంబరు కిందే.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. విద్యారుణాల్లో 4 లక్షల దాకా తాకట్టు అడగకూడదు. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో, ఇంటి ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపుంటే 10 లక్షల దాకా రుణం మీద 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. కానీ అది మొదట 860 సంస్థలతో మొదలైన జాబితాకే వర్తిస్తుంది, మీ కాలేజీ అందులో ఉందో లేదో సీటు తీసుకోక ముందే చూసుకోవాలి. కిస్తీలు మామూలుగా కోర్సు అయ్యాక ఏడాదికి మొదలవుతాయి. ఇంట్లో ఈ లెక్క పిల్లాడికి ఒకసారి చెప్పండి చాలు. ప్రతి ఫోన్లోనూ చెప్పకండి. మార్కులు దాచిన పిల్లల్లో సగం మంది నాతో అన్న మాట ఒకటే: "నాన్న లోన్ తెచ్చాడు సార్, ఎలా చెప్పేది?"

మావాడు కూడా అదే అన్నాడు. ఎలా బయటపడిందంటే, ఒక రాత్రి పదకొండింటికి వాడి రూమ్మేట్, ఆదోని కుర్రాడు, నాకు ఫోన్ చేశాడు. "అంకుల్, వాడు నాలుగు రోజులుగా క్లాసుకు రావట్లేదు" అని. పందొమ్మిదేళ్లవాడు చూసింది నేను చూడలేదు.

తర్వాత పెద్ద అద్భుతాలేం జరగలేదు. మా అన్నకు నేనే చెప్పాను. మొదట అరిచాడు, తర్వాత ఫోన్లో అడిగే ప్రశ్న మార్చాడు. "చదువుతా ఉండావా" బదులు "ఈ రోజు మ్యాథ్స్‌లో ఏం చెప్పినారు, నాకు చెప్పు" అనేవాడు. మా అన్న పదో తరగతి. వాడు చెబితే అర్థం కాదు, అడ్డుప్రశ్నలు వేస్తాడు, వాడు మళ్లీ చెప్పాలి. అలా చెప్పడానికైనా వాడు క్లాసులో వినాల్సి వచ్చేది! నలభై సెకన్ల ఫోన్ ఇరవై నిమిషాలైంది. ఇటు ఆదోని కుర్రాడు, మావాడు, ఇంకో మండ్య అబ్బాయి కలిసి లైబ్రరీలో ఒకే టేబుల్ పట్టుకున్నారు. మ్యాథ్స్ మళ్లీ కట్టి రెండో ప్రయత్నంలో గట్టెక్కాడు.

మండ్య అబ్బాయి వల్ల ఇంకో లాభం. వీటీయూలో కన్నడం రానివాళ్లకు "బళకె కన్నడ" అని చిన్న పేపరు ఉంటుంది, అంటే వాడుక కన్నడం. మనవాళ్లకు లిపి సగం వచ్చినట్టే, తలకట్టు దగ్గర తడబడతారంతే. అయినా ఒక్క క్రెడిట్టే కదా అని వదిలేస్తారు. వదలకండి. ఆఫీసులో, కండక్టర్‌తో, పీజీ ఓనర్‌తో రెండు ముక్కలు కన్నడంలో మాట్లాడితే ఈ ఊరు మనిషిని చూసే తీరు మారుతుంది.

ఫైనలియర్‌కి వచ్చాడు. పాస్ కాకుండా మిగిలిన సబ్జెక్టులు, అదే బ్యాక్‌లాగులు, లేవు, ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం వచ్చింది. అంతా అయిపోయిందనుకుంటుండగా యాక్టివిటీ పాయింట్లు అన్నారు. ఏఐసీటీఈ పెట్టిన నిబంధన ఇది, వీటీయూలో నాలుగేళ్లలో 100 పాయింట్లు తెచ్చుకోవాలి. సమాజానికి పనికొచ్చే పనులు చేసి చూపించాలి. వాటితో సీజీపీఏ పెరగదు, అందుకే ఎవరూ పట్టించుకోరు. కానీ అవి పూర్తి కాకపోతే పట్టా రాదు. మొదటి ఏడాదే చెప్పి ఉంటారు, ఏ నోటీసు బోర్డు మీదో. మావాడి దగ్గర 80 ఉన్నాయి. మిగిలిన 20కి దాదాపు 80 గంటల పని.

నాలుగేళ్లూ కాలేజీలో ఒక్కరూ దీన్ని గుర్తుచేయలేదని మా అన్న మండిపడ్డాడు. నేను నోరు మెదపలేదు. ఆ గుర్తుచేయాల్సిన మెంటర్లలో ఒకణ్నే నేను.

కెంగేరి దగ్గర ఒక ప్రభుత్వ పాఠశాలలో ఐదో తరగతికి లెక్కలు చెప్పడానికి కుదుర్చుకున్నాడు. మొదటి రోజు నేనూ వెళ్లాను, వెనక బెంచీలో కూర్చున్నాను. భిన్నాలు చెబుతున్నాడు. "అర్థ ఆయితా?" అని అడిగాడు. క్లాసంతా "ఆఁ" అంది. మావాడు చాక్‌పీసు పట్టుకుని కాసేపు వాళ్ల వంక చూశాడు. తర్వాత మొదటి వరసలో ఉన్న పిల్లను లేపి, "సరి, నీను నంగె హేళు" అన్నాడు. సరే, నువ్వు నాకు చెప్పు, అని.