అరిగే సీసం, మోసే సీసం: తొలి స్టోరేజీ బ్యాటరీల ప్లేట్లు

సభకు నమస్కారం.

ఇంట్లో ఇన్వర్టర్ పక్కన ఉండే బ్యాటరీలో యాసిడ్ ఉంటుంది, ప్లేట్లు ఒకదాన్నొకటి తాకకుండా ఆపే సెపరేటర్లు ఉంటాయి, సీసం ప్లేట్లు ఉంటాయి. ఈ మూడింటిలో మనిషి ఎక్కువ బుర్ర పెట్టింది ప్లేటు మీదే. ఆ ప్లేటుకు తొలి పాతికేళ్లలో, అంటే 1859 నుంచి 1880ల నడుమ వరకు, రూపం ఎలా వచ్చిందో ఇవాళ చూద్దాం. అప్పుడు తేలిన లెక్కలు ఇప్పటికీ మారలేదు.

ముందు అసలు చిక్కు ఏమిటో చెబుతాను. చార్జి అయిన బ్యాటరీలో పాజిటివ్ ప్లేటు మీద ముదురు గోధుమ రంగు లెడ్ డయాక్సైడు ఉంటుంది, నెగటివ్ మీద స్పాంజిలాంటి బూడిద రంగు సీసం ఉంటుంది. వాడుతున్నకొద్దీ రెండూ లెడ్ సల్ఫేటుగా మారతాయి. ఒక మోల్ (పరమాణువుల్ని లెక్కించే కొలత) సీసం 18 ఘన సెంటీమీటర్ల చోటు తీసుకుంటుంది. అదే సీసం డయాక్సైడైతే 25, సల్ఫేటైతే 48. అంటే డిశ్చార్జి అయిన ప్రతిసారీ నెగటివ్‌లో మారిన పదార్థం రెండున్నర రెట్లకు పైగా ఉబ్బుతుంది, పాజిటివ్‌లో మారింది దాదాపు రెట్టింపవుతుంది. చార్జి చేస్తే మళ్లీ కుంచించుకుంటుంది. పైగా సల్ఫేటు కరెంటును మోయదు. కాబట్టి ప్లేటులో ఒక భాగం మారుతూ ఉండాలి, ఇంకో భాగం మారకుండా నిలబడి బరువునూ కరెంటునూ మోయాలి. ప్లేటు డిజైన్ చరిత్ర అంతా ఈ రెండు పనులనూ విడదీయడానికి పడిన పాట్లే.

1859లో పారిస్‌లో గాస్టన్ ప్లాంటే ఈ రెండు పనులనూ ఒకే రేకుకు అప్పగించాడు. రెండు పలుచని సీసపు రేకులు తీసుకుని, మధ్యలో ముతక గుడ్డ పెట్టి, చాపలా చుట్టి, పదో వంతు సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపిన నీళ్లలో దించాడు. తరవాతి రోజుల్లో గుడ్డ బదులు రబ్బరు పట్టీలు వాడాడు. మరుసటి ఏడాది తొమ్మిది సెల్‌ల బ్యాటరీని ఫ్రెంచ్ సైన్సు అకాడమీ ముందుంచాడు. అందులో వేరే పదార్థం పూసింది ఏమీ లేదు. రేకు పైపొరనే పని చేసే పదార్థంగా మార్చాలి. దాన్నే ఫార్మేషన్ అంటారు.

ఆ ఫార్మేషన్ ఎలా చేసేవారో కాస్త వివరంగా చూడాలి, ఎందుకంటే ప్లేటు గుట్టంతా అక్కడే ఉంది. అప్పటికి చార్జింగుకు అనువైన డైనమోలు లేవు. రసాయనాలతో కరెంటు పుట్టించే రెండు బున్సెన్ సెల్‌లను వరసగా కలిపి ప్లాంటే చార్జి చేసేవాడు. ఒక్కటైతే రెండు వోల్టులకు లోపే ఇస్తుంది, చాలదు. మొదటిసారి చార్జి చేస్తే పాజిటివ్ రేకు మీద డయాక్సైడు పలుచగా పడుతుంది. ఆ పొరే కింది సీసాన్ని కాపాడేస్తుంది కాబట్టి ఎంతసేపు కరెంటు పంపినా లోపలికి దిగదు, ఆక్సిజన్ బుడగలుగా పోతుంది. అందుకని డిశ్చార్జి చేసి, ఈసారి తీగలు తారుమారు చేసి చార్జి చేయాలి. అలా మార్చి మార్చి చేస్తూ, మధ్యలో విరామం ఇవ్వాలి. మొదట గంటలు, తరవాత రోజులు, ఆపైన వారాలు. ఆ విరామం వృథా కాదు. డయాక్సైడూ దాని అడుగునున్న సీసమూ తమలో తామే ఒక చిన్న సెల్‌గా పని చేసి సల్ఫేటును పుట్టిస్తాయి. తరవాతి చార్జిలో ఆ సల్ఫేటు డయాక్సైడుగా మారేసరికి పొర ఇంకాస్త లోతుకు దిగుతుంది. ఇలా నెలలు పట్టేది. తరవాత ప్లాంటేయే దగ్గరదారి కనిపెట్టాడు: నీళ్లు కలిపిన నైట్రిక్ ఆమ్లంలో రేకుల్ని ముందే నానబెడితే పైభాగం గుల్లబారి, ఫార్మేషన్ త్వరగా అవుతుంది. ఈ పద్ధతిలో ఒక ప్రమాదం ఉంది. నైట్రేటు ఆనవాళ్లు ప్లేటులో మిగిలితే, ఆ తరవాత ఏళ్ల తరబడి సీసాన్ని తింటూనే ఉంటాయి. బాగా కడగడం మానేస్తే ఆరంభంలో మిగిల్చిన సమయం చివర్లో ఆయుష్షులోంచి పోతుంది.

ఇప్పుడు ఒక లెక్క. ఒక ఆంపియర్ అవర్‌కు, అంటే ఒక ఆంపియర్ కరెంటు గంటసేపు ఇవ్వడానికి, సిద్ధాంతరీత్యా 4.46 గ్రాముల డయాక్సైడు, 3.87 గ్రాముల సీసం కావాలి. రేకు మీద డయాక్సైడు పొర పదో వంతు మిల్లీమీటరు మందం ఉందనుకుందాం. గట్టిగా ఉంటే చదరపు సెంటీమీటరుకు 0.094 గ్రాము. అందులో సగం రంధ్రాలు, మిగిలిన దాంట్లో సగమే పనికొస్తుంది అనుకుంటే, చదరపు సెంటీమీటరుకు దక్కేది సుమారు 0.005 ఆంపియర్ అవర్. వంద ఆంపియర్ అవర్లు కావాలంటే రెండు చదరపు మీటర్ల పాజిటివ్ ఉపరితలం కావాలి. నున్నటి రేకుతో అది పెద్ద సామాను. కాబట్టి రేకును మందంగా చేయడం కాదు, ముఖాన్ని పెంచాలి. లక్సెంబర్గ్‌లోని రోస్‌పోర్ట్‌కు చెందిన హెన్రీ ట్యూడర్ సరిగ్గా అదే చేశాడు. స్వచ్ఛమైన సీసంతో, రెండు వైపులా సన్నటి నిలువు రెక్కలు దగ్గర దగ్గరగా లేచిన ప్లేటును పోత పోశాడు. ముఖం ఎన్నో రెట్లు పెరిగింది. 1886లో ఎక్టర్నాక్ పట్టణపు విద్యుద్దీపాలకు అలాంటి ప్లేట్ల బ్యాటరీలే పని చేశాయి. రెక్కల మీది పొర రాలిపోతే లోపలి సీసం కొద్దికొద్దిగా మారి కొత్త పొర వస్తుంది. ప్లాంటే రకం ప్లేటు విద్యుత్ స్టేషన్లలో దశాబ్దాలు నిలబడడానికి కారణం ఇదే. బదులుగా బరువు మోయాలి, అంతే.

రెండో దారి కామిల్ ఫోర్‌ది. 1881కల్లా ఆయన, రేకును నెలల తరబడి మార్చడం ఎందుకు, మారిన పదార్థాన్నే పూసేద్దాం అన్నాడు. ఎర్ర సీసాన్ని, అంటే రెడ్ లెడ్ అనే సీసపు ఆక్సైడును, యాసిడ్‌తో ముద్దగా కలిపి రేకుకు పట్టించి, ఫెల్టు (ఒత్తి చేసిన ఉన్ని గుడ్డ) చుట్టాడు. ఈ ఎంపికలో తెలివి ఉంది. రెడ్ లెడ్ యాసిడ్ తగలగానే మూడో వంతు సీసం డయాక్సైడుగా, మిగతాది సల్ఫేటుగా విడిపోతుంది. ఫార్మేషన్ సగం దూరం ముందే నడిచినట్టే. ఆ ఏడాదే పారిస్ నుంచి చార్జి చేసిన పెట్టె గ్లాస్గోలోని భౌతిక శాస్త్రవేత్త విలియం థామ్సన్‌కు (తరవాతి లార్డ్ కెల్విన్) చేరింది. పది లక్షల ఫుట్ పౌండ్ల శక్తి అని ఆయన లెక్కకట్టాడు. మన యూనిట్లలో 0.38 యూనిట్ కూడా కాదు. 75 వాట్ల ఫ్యాను ఐదు గంటలు తిరుగుతుంది. అయినా పెట్టెలో పెట్టి ఊరు దాటించిన కరెంటు కాబట్టి అప్పట్లో అందరూ ముక్కున వేలేసుకున్నారు.

చెడిపోయింది ఎక్కడంటే పట్టు దగ్గర. గాట్లు పెట్టని నున్నటి కాంక్రీటు మీద ప్లాస్టరింగు చేస్తే ఏమవుతుందో అదే జరిగింది. ఉబ్బుతూ కుంచించుకుంటూ ముద్ద రేకును వదిలేసింది. ఫెల్టు యాసిడ్‌లో చివికిపోయింది. వెంటనే, 1881లోనే, బ్రిటన్‌లో జోసెఫ్ స్వాన్ ముద్దను గదుల్లో నింపే ప్లేటు తెచ్చాడు. అదే గ్రిడ్. పని చేసేది ముద్ద, మోసేది గ్రిడ్. రెండు పనులూ విడిపోయింది ఇక్కడే.

గది ఆకారం కూడా చిన్న విషయం కాదు. తిన్నగా ఆరపార ఉన్న రంధ్రంలో ముద్ద బిళ్లలా జారిపోతుంది. మధ్యలో ఇరుకుగా, రెండు ముఖాల వైపూ వెడల్పుగా చేస్తే బిళ్ల జారదు. అయితే పాజిటివ్‌లో బిళ్ల ఉబ్బినప్పుడు అదే వాలు గోడల్ని తోస్తుంది కాబట్టి, గోడలు మరీ సన్నగా ఉంటే విరుగుతాయి. స్వచ్ఛమైన సీసం మెత్తన; దాంతో సన్నటి గోడలు పోయడమూ కష్టం, నిలబడడమూ కష్టం. జాన్ స్కడమోర్ సెల్లన్ 1881లో సీసానికి ఆంటిమొనీ అనే పెళుసు మూలకాన్ని కలపమన్నాడు. రెండూ కలిస్తే గట్టిపడతాయి, కరిగే వేడి తగ్గుతుంది. సీసం 327 డిగ్రీల దగ్గర కరిగితే, సుమారు 11 శాతం ఆంటిమొనీ ఉన్న మిశ్రమానికి 252 చాలు. అచ్చు మూలమూలకీ పారుతుంది. అచ్చు మరీ చల్లగా ఉంటే గోడలు మధ్యలోనే గడ్డకట్టి అతుకులు పడతాయి. అందుకే అచ్చును వేడిగా ఉంచి, లోపల కార్క్ పొడి పూత వేస్తారు. అది వేడిని ఆపి లోహానికి పారే వ్యవధి ఇస్తుంది.

ముద్ద కలపడంలో వరస ముఖ్యం. ఆక్సైడుకు ముందు నీళ్లు, ఆ తరవాత యాసిడ్ నెమ్మదిగా. ఒక్కసారిగా పోస్తే వేడెక్కి, అక్కడక్కడ గట్టి పలుకులు కడతాయి. పూసిన ప్లేటును ఎండలో పెట్టకూడదు. తడి గాలిలో మెల్లగా ఆరితేనే పదార్థం ఒకదాన్నొకటి పట్టుకుంటుంది, గ్రిడ్‌నూ పట్టుకుంటుంది. తొందరపడితే బీటలు వస్తాయి. ఆ బీటల దగ్గరే రేపు ముద్ద రాలుతుంది.

సెల్ కట్టేటప్పుడు నెగటివ్‌లు ఒకటి ఎక్కువగా, రెండు చివరలా నెగటివే ఉండేలా పెడతారు. పాజిటివ్‌కు ఒక పక్కే పని పడితే ఆ పక్కే ఉబ్బి ప్లేటు వంగుతుంది. వంగితే పక్కదాన్ని తాకి షార్టవుతుంది. పాజిటివ్ గ్రిడ్ కూడా మెల్లగా డయాక్సైడుగా మారుతూ పొడవు పెరుగుతుంది. అందుకని స్టేషన్ బ్యాటరీల్లో ప్లేటును గాజు తొట్టి అంచు నుంచి భుజాలతో వేలాడదీసి కింద ఖాళీ వదిలేవారు. ఆ ఖాళీకి ఇంకో పనీ ఉంది: రాలిన ముద్ద అక్కడ మడ్డిగా చేరుతుంది. మడ్డి ప్లేట్ల అడుగును తాకిన రోజు సెల్ పని అయిపోయినట్టే.

ఆంటిమొనీకి కట్టే మూల్యం ఇంకా మిగిలింది. పాజిటివ్ గ్రిడ్ తరిగేకొద్దీ ఆంటిమొనీ యాసిడ్‌లోకి వచ్చి నెగటివ్ మీద పేరుకుంటుంది. అక్కడ హైడ్రోజన్ తేలిగ్గా పుడుతుంది కాబట్టి బ్యాటరీ తనంతట తానే డిశ్చార్జి అవుతుంది, నీళ్లు తరుగుతాయి. 1935లో బెల్ లాబొరేటరీస్‌లో హేరింగ్, థామస్ ఆంటిమొనీ బదులు కొద్దిపాటి కాల్షియం కలిపిన సీసం చూపించారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో ఎప్పుడూ చార్జిలోనే ఉండే బ్యాటరీలకు అది అతికినట్టు సరిపోయింది. రోజూ బాగా దిగి మళ్లీ ఎక్కే పనికి మాత్రం ఆంటిమొనీ లేని పాజిటివ్ తొందరగా నీరసించేది, గ్రిడ్‌కూ ముద్దకూ మధ్య పట్టు నిలవక. అందుకే మన ఇళ్లలోని ట్యూబులర్ ఇన్వర్టర్ బ్యాటరీల్లో, అంటే పాజిటివ్ ముద్దను సీసపు వెన్ను చుట్టూ గొట్టాల్లో నింపే రకంలో, ఆ వెన్నులో సాధారణంగా కొద్దిగా ఆంటిమొనీ ఉంచుతారు. కొన్ని నెలలకోసారి నీటి మట్టం చూపే ఫ్లోట్ చూసి డిస్టిల్డ్ వాటర్ పోయాల్సి రావడంలో దానికీ వాటా ఉంది.