మాట మంచిగున్నది సరే, కారణం ఏది?

(స్క్రీన్ మొత్తం నలుపు, ఫోన్ల వాయిస్ ఒక్కటే వినిపిస్తది)

"సార్, మామునూరు ఎయిర్‌పోర్ట్ వచ్చేస్తుంది, ఇగ ఆగేదే లేదు. ఇయ్యాల వేలల్ల ఉన్నది రేపు లక్షల్ల ఉంటది. పిల్లలకు ఏమన్న ఇచ్చిపోవాల్నా వద్దా? డాక్టర్లు కొన్నరు, లెక్చరర్లు కొన్నరు, మీరొక్కరే ఆలోచిస్తున్నరు. కొంటరా, లేకుంటే జిందగీ మొత్తం కిరాయింట్లనే ఉంటరా?"

నమస్తే అందరికి. హన్మకొండ, కాజీపేట దిక్కు ఉన్నోళ్లకు ప్లాట్లు అమ్మేటోళ్ల కాడికెల్లి గిసొంటి ఫోన్ ఒక్కసారన్న వచ్చే ఉంటది. మాట మాత్రం మస్తు మాట్లాడిండు, ఒప్పుకోవాలె. ఇయ్యాల గీ మాటనే విప్పి చూద్దాం, ఎందుకంటే ఇండ్ల రెండు రకాల సామాన్లు కలిసి ఉన్నయి, అలంకారం ఒకటి, తప్పుడు తర్కం ఒకటి, మనం రెండిటిని ఒకే గంపల వేసి "అంతా మాటల గారడి" అని తీసిపారేస్తం.

ముందు అలంకారం. "ఇయ్యాల వేలల్ల, రేపు లక్షల్ల" అంటే అతిశయోక్తి, పైనుంచి రెండు ముక్కలు తూకం వేసినట్టు పెట్టిండు. "ఇచ్చిపోవాల్నా వద్దా" అనేది జవాబు కోసం అడిగిన ప్రశ్న కాదు, జవాబు మన నోట్లనే పెట్టి అడిగింది. "కొన్నరు, కొన్నరు" అని మళ్ల మళ్ల అనుడు చెవిల పడి కూసునేటందుకు. గివేవీ తప్పు కాదు. నిజం చెప్పేటోడు కూడ గిట్లనే మాట్లాడుతడు. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలనే అరిస్టాటిల్ చెప్పిండు, వినేటోన్ని ఒప్పించనీకి మూడు దార్లు ఉంటయని: చెప్పేటోని మీద నమ్మకం, వినేటోని మనసుల భావం, మాటల ఉన్న కారణం. మనోడు మొదటి రెండిటితోని పని కానిచ్చిండు, మూడోది ఉన్నట్టు కనిపిస్తది గని నిలబడదు.

ఇగ తప్పుడు తర్కం ఏడున్నదో చూడుండ్రి. నలుగురు కొన్నరు కాబట్టి మంచిదే అనుడు ఒకటి. కొనుడు, లేదంటే కిరాయి, నడుమ ఇంకో దారే లేనట్టు మాట్లాడుడు ఇంకోటి (వేరే దిక్కు కొనొచ్చు, లోన్ తీరినంక కొనొచ్చు, అసలు కొనకపోవచ్చు, మన ఇష్టం). అన్నిటికంటె హుషారుది ఎయిర్‌పోర్ట్ ముచ్చట. అది అబద్ధం కాదు, నిజాం కాలం నాటి మామునూరు ఎయిర్‌పోర్ట్ మళ్ల తెరిసేటందుకు కేంద్రం 2025ల ఓకే చెప్పింది. అయితే ఎయిర్‌పోర్ట్ వస్తదనేది నిజమైతే ఈ ప్లాట్ మంచిదనేది ఎట్ల నిజమైతది? ఆ రెండిటి నడుమ కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) పర్మిషన్ ఉన్నదా, ఎల్పీ (లేఅవుట్ పర్మిట్) నంబర్ ఏంది, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ ఉన్నదా, ఈసీల (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్‌ల) ఎవరి పేరున్నది, గివన్నీ ఉండాలె. ఒక నిజం ముందల పెట్టి దాని ఎనుక పది ప్రశ్నలు దాసిపెడుడు, నన్నడిగితే పచ్చి అబద్ధం కంటె గిదే డేంజర్.

(స్క్రీన్ మీద: నయీంనగర్ నాలా, వానల ఫోటో)

ఇంకో సీన్. 2020 ఆగస్టుల, మళ్ల 2023 జులైల వరంగల్ మునిగింది, యాదికున్నది కదా. కాలనీ గ్రూపుల ఒకాయన "నాలాలు కబ్జా అయినయి, ఖాళీ చేపియ్యాలె" అని పెట్టిండనుకోండ్రి. వెంటనే ఇంకొకాయన, "అంటే పేదోళ్లను రోడ్డు మీద పడేయమంటవా?" ఆయన అట్ల అన్లేదు. అయినా ఇగ లొల్లంతా ఆయన అనని మాట మీదనే. మూడో ఆయన వచ్చి "ముందు నీ ఇంటి ముంగట మెట్లు రోడ్డు మీదికి ఉన్నయి గద, అవి తియ్యి" అంటడు. మెట్లు రోడ్డు మీద ఉండుడు తప్పే, తియ్యాల్సిందే, కని దానితోని నాలా వెడల్పు కాదు కదా.

రెండో ఆయన లెక్క మంది మాటను వంకరగ పట్టుకునే పనికి మన పాత తర్కశాస్త్రం, అంటే న్యాయదర్శనంల, ఛలం అని పేరున్నది. గౌతముని న్యాయసూత్రాలల్ల మూడు రకాల ఛలం చెప్పిండు. వాత్స్యాయనుని భాష్యంల ఒక ఉదాహరణ ఉంటది, ఒకాయన "ఈ పిలగాడు నవకంబళం కప్పుకున్నడు" అంటడు, కొత్త గొంగడి అని ఆయన లెక్క. ఎదుటోడు నవ అంటే తొమ్మిదని పట్టుకొని "తొమ్మిది గొంగళ్లు ఏడున్నయి, ఒకటే ఉన్నది గద" అంటడు. ఇంకోటి నాకైతే మస్తు ఇష్టం, "మంచెలు అరుస్తున్నయి" అంటే చేన్ల మంచెల మీద ఉన్నోళ్లు అరుస్తున్నరని అర్థం, "మంచెలు కట్టెలు, అవి ఎట్ల అరుస్తయి" అని కొట్లాటకు దిగుడు మూడో రకం ఛలం. చూసిండ్రా, అవుతలోడు అలంకారం వాడితె దాన్ని ఉన్నది ఉన్నట్టు పట్టుకొని తప్పు పట్టుడు కూడ తప్పుడు తర్కమే. వరంగల్‌ల "ఏనుమాముల మార్కెట్ లొల్లి చేస్తుంది" అంటే షెడ్లు లొల్లి చేస్తున్నయని కాదు గద.

వితండవాదం అని మనం తిట్టుగ వాడేది కూడ అక్కడిదే. సొంతంగ ఏ మాట మీద నిలబడకుండ అవుతలోన్ని కూలగొట్టుడే పనిగ పెట్టుకునుడు. కాలనీ గ్రూపులల్ల అడ్మిన్లకు తెలుసు, ఎంతమంది ఉంటరో.

(స్క్రీన్ మీద: మిర్చి తోట, ఆకు ముడుసుకపోయింది)

ఆఖరుకు మిర్చి. 2021-22 సీజన్ల తామర పురుగు వచ్చి మన దిక్కు మిర్చి రైతుల నడ్డి ఇరిగింది. ఏ మందు దొరికితే ఆ మందు కొట్టిండ్రు. కొట్టినంక తగ్గితే "ఈ మందుతోనే తగ్గింది" అని ఊరంత పాకుతది. నడుమ వాన పడ్డది, చలి మారింది, పక్క చేను పీకేసిండ్రు, అవేవీ లెక్కల ఉండయి. కాకి వాలంగనే తాటిపండు పడ్డదన్నట్టు, దీన్ని కాకతాళీయం అనుడు మనకు పాతదే.

ఇక్కడ జర ఆగుర్రి. మందు కొట్టిన రైతు చెప్పిన కారణం తప్పైతే మందు పనికిరానిదని తేలినట్టు కాదు. తప్పుడు తర్కం పట్టుకున్న సంబురంల చానామంది గీడనే జారుతరు, "నీ వాదం తప్పు కాబట్టి నీ మాట అబద్ధం" అంటరు. మందు నిజంగనే పనిచేసి ఉండొచ్చు, ఆయనకు చెప్పరాలేదు గంతే. తేలాల్నంటే కొన్ని సాళ్లు కొట్టకుండ ఇడిచిపెట్టి పక్కపక్కన చూడాలె. దానికి రైతు అంటడు, "పురుగు ఎగిరి ఈ సాళ్లల్లకెల్లి ఆ సాళ్లల్లకు రాదా, ఇడిచిన సాళ్ల పైసలు నువ్విస్తవా?" మొదటిది అసలైన ప్రశ్న, అందుకే ఇడిసేది నడుమ కాకుండ ఒక మూలకు, జర ఎడంగ ఇడవాలె. రెండోదానికి మాత్రం నా దగ్గర తర్కం లేదు, ఆ పైసలు ఎవరన్న ఇయ్యాల్సిందే.