కాలు ఒకటే, నొక్కాల్సినవి నాలుగు

(స్టూడియో చర్చ. పాల్గొన్నవారు: రిసెప్షన్లలో, కాలేజీ ఫెస్టుల్లో వాయించే హైదరాబాద్ గిటారిస్టు, లైవ్ షోల సౌండ్ ఇంజినీరు, పెడల్‌బోర్డులు కట్టి ఇచ్చే బిల్డర్.)

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ రోజు టేబుల్ మీద కాఫీ కప్పు పెట్టుకునే చోటు కూడా లేదు. మన గిటారిస్టు తన పెడల్‌బోర్డు మొత్తం, అంటే గిటారు శబ్దాన్ని మార్చే, కాలితో నొక్కే పెట్టెలన్నీ తెచ్చి ఇక్కడ పరిచేశారు. వాటన్నిటినీ ఒక్క నొక్కుతో మార్చే మిడి స్విచింగ్ సిస్టమ్ కొందామనుకుంటున్నారట. ఎందుకండీ ఇప్పుడు?

గిటారిస్టు: మెడ్లీలతోనే మేడం బాధంతా. పల్లవి క్లీన్‌గా, శబ్దాన్ని మందంగా చేసే కోరస్ పెడల్ వేసుకుని నడుస్తుంది. ఇంటర్లూడ్ రాగానే కోరస్ ఆపాలి, శబ్దాన్ని గరుకుగా చేసే ఓవర్‌డ్రైవ్ వేయాలి, ప్రతిధ్వనినిచ్చే డిలే వేయాలి, ఆంప్‌ని, అంటే యాంప్లిఫైయర్‌ని, సోలోకి వాడే లీడ్ చానెల్‌కి మార్చాలి. నాలుగు నొక్కులు, ఒకటే కాలు. సోలోలో మొదటి రెండు స్వరాలు ఎప్పుడూ గోవిందా.

ఇంజినీరు: కన్సోల్ దగ్గర నిలబడితే ఆ కంగారంతా తెలిసిపోతుంది. ఒకసారి డిలే వేయబోయి శ్రుతి చూసుకునే ట్యూనర్ నొక్కాడు, అది శబ్దాన్ని ఆపేస్తుంది. సోలో మొత్తం నిశ్శబ్దం.

గిటారిస్టు: అన్నా, అది ఇక్కడ చెప్పాలా!

వ్యాఖ్యాత: మిడి అంటే కీబోర్డు వాళ్ల వ్యవహారం అనుకునేదాన్ని.

బిల్డర్: వాద్యపరికరాలు ఒకదానికొకటి ఆజ్ఞలు పంపుకునే భాష అది, పుట్టింది అక్కడే మేడం. రోలాండ్ కంపెనీ ఇకుతారో కకెహాషి, సీక్వెన్షియల్ సర్క్యూట్స్ డేవ్ స్మిత్ చొరవతో వచ్చింది. 1983లో రెండు కంపెనీల సింథసైజర్లను తీగతో కలిపి చూపించారు. తర్వాత లాస్ ఏంజెలెస్‌లో బాబ్ బ్రాడ్‌షా లాంటివాళ్లు గిటారిస్టులకు బీరువాలంత ర్యాకులు కట్టి మిడితో నడిపించారు. ఇప్పుడదే పని కాలి దగ్గరికి వచ్చింది. ఒక్కటి గుర్తుంచుకోవాలి. మిడి తీగలో గిటారు శబ్దం వెళ్లదు. ‘12వ ప్రీసెట్‌కి, అంటే ముందే దాచుకున్న 12వ సెట్టింగ్‌కి మారు’ లాంటి ఆజ్ఞ మాత్రమే వెళ్తుంది. ఇది తెలియకే చాలామంది పనికిరాని పెట్టె కొనుక్కుని నా దగ్గరికి వస్తారు.

వ్యాఖ్యాత: పనికిరానిది అంటే?

బిల్డర్: వాళ్ల బోర్డుకు పనికిరానిది. మార్నింగ్‌స్టార్ ఎంసీ6 ఉంది, సింగపూర్ వాళ్లది. చక్కటి కంట్రోలర్. కానీ అందులోంచి గిటారు సిగ్నల్ వెళ్లదు, ఆజ్ఞలు పంపడమే దాని పని. మీ బోర్డు మీద ఉన్నవి ట్యూబ్ స్క్రీమర్ అనే ఓవర్‌డ్రైవ్, ఇంకా గరుకైన ఫజ్, పాత కోరస్ అనుకోండి. వాటికి మిడి వినే చెవే లేదు, ఇక ఎవరికి చెబుతుంది? అలాంటి వాటికి లూప్ స్విచ్చర్ కావాలి. పెడల్‌ని ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచి ఒక లూప్‌లో, అంటే స్విచ్చర్ నుంచి బయటికెళ్లి తిరిగొచ్చే దారిలో పెట్టేస్తాం. సిగ్నల్‌ని దాని గుండా పంపాలా, పక్క నుంచి దాటించాలా అన్నది స్విచ్చర్ చూసుకుంటుంది. బాస్ కంపెనీ స్విచ్చర్లలో ఈఎస్-8లో ఎనిమిది లూపులు, ఈఎస్-5లో అయిదు. ఎంఎస్-3లో మూడే, కాకపోతే దాంట్లో సొంత ఎఫెక్టులు ఉంటాయి. మిడి తెలిసిన డిలే, పెద్ద హాల్లో మోగినట్టు చేసే రివర్బ్ పెడళ్లకు కూడా ఇవే ఆజ్ఞలు పంపుతాయి.

గిటారిస్టు: డిలేని లూప్‌లో పెడితే తోక తెగిపోతోంది సర్. స్నేహితుడి బోర్డు మీద చూశాను. ఆఫ్ చేయగానే ప్రతిధ్వని టక్కున ఆగిపోతుంది.

బిల్డర్: లూప్ మూసుకుంటే మోగుతున్నదీ మూసుకుంటుంది మరి. డిలేని ఎప్పుడూ దారిలోనే ఉంచి, మిడితో దానికే బైపాస్, అంటే ఎఫెక్ట్ ఆపమని చెప్పాలి. తోక మోగించే సెట్టింగ్ ఆ పెడల్‌లో ఉండాలి, అది చూసి కొనుక్కో.

వ్యాఖ్యాత: ఇక ఆంప్ సంగతి?

బిల్డర్: అసలు చిక్కు అక్కడే. ఎవరొచ్చినా ముందు ఆంప్ వెనకవైపు ఫొటో పంపమంటాను. మార్షల్ జేవీఎం లాంటి వాటికి మిడి లోపలే ఉంది, తీగ పెడితే చాలు. ఎక్కువ వాటికి మామూలు ఫుట్‌స్విచ్ జాక్ ఉంటుంది. దాని రెండు కొసలు కలిస్తే ఒక చానెల్, విడిపోతే ఇంకోటి. స్విచ్చర్‌లోని రిలే అనే చిన్న స్విచ్ ఆ పని చేసిపెడుతుంది. లేదంటే ఆర్‌జేఎం వాళ్ల ఆంప్ గిజ్మో లాంటిది ఆంప్ పక్కన పెట్టుకోవచ్చు. అయితే కొన్ని ఆంప్‌లకు కొసలు కలిపే ఉంచాలి, దాన్ని లాచింగ్ అంటాం. కొన్నింటికి ఒకసారి తాకించి వదిలేయాలి, అది మొమెంటరీ. ఈ రెండో రకంతో తలనొప్పి. తాకిన ప్రతిసారీ చానెల్ మారుతుంది తప్ప, ఇప్పుడు ఏ చానెల్‌లో ఉందో స్విచ్చర్‌కి తెలియదు. ఒక్క లెక్క తప్పితే షో అంతా తలకిందులు.

ఇంజినీరు: ఇంకో మాట చేర్చండి. కొన్ని ఆంప్‌ల ఫుట్‌స్విచ్ జాక్ అచ్చం మిడి జాక్‌లాగే గుండ్రంగా, పిన్నులతో ఉంటుంది. అది మిడి కాదు. పక్కన మిడి అని రాసి ఉంటేనే తీగ పెట్టండి, పట్టింది కదా అని తోసేయకండి.

వ్యాఖ్యాత: మీరు ఇందాకటి నుంచి ఏదో అనబోతున్నారు.

ఇంజినీరు: నేను ఒప్పుకోనిది ఇదే మేడం. ఈ తమ్ముడు ఆంప్ మోసుకొస్తాడా? రాడు. అద్దె ఆంప్ వస్తుంది. ఒకరోజు రోలాండ్ జేసీ-120, ఇంకోరోజు ఇంకేదో, ఒక్కోసారి అసలు ఫుట్‌స్విచ్ జాకే పనిచేయదు. చానెల్ మార్పు మీద ప్రీసెట్లు కట్టుకుంటే సౌండ్ చెక్‌లోనే కూలిపోతాయి. ఆంప్ క్లీన్‌లో ఉంచి, గెయిన్, అంటే ఆ గరుకుదనం అంతా పెడళ్ల నుంచే తీసుకోమంటాను.

గిటారిస్టు: కానీ ఇంట్లో రికార్డింగ్‌కి నా ట్యూబ్ ఆంప్ ఉంది అన్నా. దాని లీడ్ చానెల్ రుచి పెడల్‌లో రాదు.

బిల్డర్: ఇద్దరి మాటా నిజమే, అయితే నేను ఆయన వైపే. ప్రీసెట్లను రెండు గుంపులుగా, అంటే రెండు బ్యాంకులుగా చేసుకో. స్టేజీ బ్యాంకులో ఆంప్ ఆజ్ఞ ఒక్కటి కూడా ఉండకూడదు. ఇంటి బ్యాంకులో నీ ఇష్టం.

వ్యాఖ్యాత: విజయవాడ నుంచి ఒక శ్రోత లైన్లో ఉన్నారు. చెప్పండి.

శ్రోత: సర్, నా రివర్బ్ పెడల్‌కి చిన్న జాక్ మిడి ఉంది. తీగ కొని పెట్టాను, ఉలుకూ పలుకూ లేదు. పెడల్ పోయిందంటారా?

బిల్డర్: పోయుండదండీ. చిన్న జాక్ తీగల్లో టైప్ ఏ, టైప్ బీ అని రెండున్నాయి. లోపల రెండు తీగలు అటూ ఇటూ మారి ఉంటాయి, అంతే. 2018లో టైప్ ఏని ప్రమాణంగా తీసుకున్నారు కానీ, వేరేగా చేసిన పెడళ్లు ఇంకా వాడుకలో ఉన్నాయి. మాన్యువల్‌లో ఏ టైపో చూసి తీగ మార్చండి. మిడి చానెల్ నంబరు కూడా చూసుకోండి, ఇది ఆంప్ చానెల్ కాదు, మొత్తం 16 ఉంటాయి. స్విచ్చర్ 1లో పంపుతూ పెడల్ 2లో వింటుంటే ఏమీ జరగదు.

శ్రోత: ఇంకోటి సర్. మిడి వల్ల ఆలస్యం వస్తుందంటారు?

బిల్డర్: సెకనుకు 31,250 బిట్లు వెళ్తాయి. ఒక ప్రీసెట్ ఆజ్ఞ వెళ్లడానికి మిల్లీ సెకను కూడా పట్టదు. ఆలస్యం వినపడిందంటే, కొత్త ప్రీసెట్ తెరవడానికి పెడలే సమయం తీసుకుంటోందన్నమాట.

వ్యాఖ్యాత: మరి మన గిటారిస్టు ఏం కొనాలి?

బిల్డర్: బోర్డు మీద ఏడు పెడళ్లున్నాయి. ట్యూనర్‌కి లూప్ అక్కర్లేదు. డిలే, రివర్బ్ మిడి వింటాయి, అవి స్విచ్చర్ లూప్‌లో కాదు, ఆంప్ సొంత ఎఫెక్ట్స్ లూప్‌లో ఉండాలి. మిగిలినవి నాలుగు. ఫజ్‌కి ముందు బఫర్, అంటే సిగ్నల్‌కి బలమిచ్చే సర్క్యూట్ పడితే దాని గొంతు మారిపోతుంది, కాబట్టి దాన్ని స్విచ్చర్‌కి ముందే పెట్టి కాలితోనే నొక్కుకో. లూపులు మూడు చాలు, నాలుగోది రేపు కొనబోయే పెడల్‌కి. అయిదు లూపులది తీసుకో. ఎనిమిది లూపులది కొన్నావంటే ఆ ఖాళీలు నింపడానికి ఇంకో నాలుగు పెడళ్లు కొంటావు, నాకు తెలుసు.

గిటారిస్టు: (నవ్వుతూ) మా ఆవిడ ఈ ప్రోగ్రామ్ వింటోంది సర్.

ఇంజినీరు: నంబర్ల సంగతి కూడా చెప్పండి. నేను దెబ్బతిన్నాను.

బిల్డర్: అవును. మిడిలో లెక్క 0 నుంచి 127 దాకా. కొన్ని పెట్టెలు 0 అని చూపిస్తాయి, కొన్ని దాన్నే 1 అంటాయి. స్విచ్చర్‌లో 5 పెడితే పెడల్ 6 తెరుస్తుంది.

ఇంజినీరు: ఒక పెళ్లిలో మా బ్యాండు వాయిస్తుండగా, తాళి కట్టే వేళకి మెత్తటి రివర్బ్ రావాల్సింది, దాని పక్కనున్న ప్రీసెట్ వచ్చింది. గుహలో అరుస్తున్నట్టు. అప్పటి నుంచి ప్రతి పెట్టె మీదా టేపు అంటించి ‘ఒకటి తగ్గించు’ అని రాసుకుంటున్నాను.