తిరిగి వెళ్లిపోయినవాళ్ల లెక్క

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలందరి పేర్లూ చెప్తే నాకిచ్చిన టైమ్ అక్కడే అయిపోతుంది, మన్నించండి.

ఓపెన్ యాక్సెస్‌ను, అంటే పరిశోధన వ్యాసాలను ఎవరైనా డబ్బు కట్టకుండా ఆన్‌లైన్‌లో చదువుకునే పద్ధతిని, ఎలా అధ్యయనం చేస్తున్నారో చెప్పమన్నారు. దానికి పిలుపునిచ్చిన 2002 బుడాపెస్ట్ ప్రకటనతో మొదలుపెడదామని కాగితం రాసుకొచ్చాను. దానికంటే ముందు ఒకటి కక్కేయాలి. నా మొదటి వ్యాసం అచ్చయిన ఏడాదికి ఉద్యోగం మారాను. కొత్త చోట ఆ జర్నల్‌కి చందా లేదు. నా వ్యాసం నేనే తెరవబోతే డబ్బు కట్టమంది! రాసింది నేను, పైసా తీసుకోకుండా రివ్యూ చేసింది నాలాంటి ఇద్దరు. కట్టలేదు, మూసేశాను.

సరే, అంశం. ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరికే వ్యాసాలకు సైటేషన్లు, అంటే వేరే వ్యాసాల్లో వాటి ప్రస్తావనలు, ఎక్కువని 2001లో నేచర్ పత్రికలో వచ్చింది, కంప్యూటర్ సైన్స్ వ్యాసాలు చూసి చెప్పిన మాట. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. కానీ తన మంచి వ్యాసాన్నే ఎవరైనా ముందు బయటపెడతారు కదా! మరి ఆ సైటేషన్లు తెరిచి పెట్టినందుకు వచ్చాయా, వ్యాసం బాగున్నందుకా? ఇది తేల్చడానికి ఫిలిప్ డేవిస్ అనే పరిశోధకుడి బృందం ఏ వ్యాసాలు తెరిచి పెట్టాలో చీట్లు తీసినట్టు ఎంచింది. 11 జర్నళ్లు, 1,619 వ్యాసాలు, అందులో 247 తెరిచి పెట్టారు. 2008లో బీఎంజే అనే వైద్య పత్రికలో ఫలితం వచ్చింది: డౌన్‌లోడ్లు పెరిగాయి, మొదటి ఏడాదిలో సైటేషన్లు పెరగలేదు.

ఓపెన్ యాక్సెస్ కోరే మనవాళ్లు చిన్నబుచ్చుకున్నారు. నాకైతే ఆ డౌన్‌లోడ్ల మీదే ధ్యాస. సైటేషన్ ఇవ్వాలంటే వ్యాసం రాయాలి. చదివినవాళ్లంతా రాస్తారా? బిడ్డ రోగం పేరు తెలిసి రాత్రంతా వెతికే తల్లి ఎవరిని సైట్ చేస్తుంది?

లైబ్రేరియన్లూ, మిమ్మల్నే అడుగుతున్నా. ఏ జర్నల్‌ను ఎంత వాడారో చెప్పే కౌంటర్ (COUNTER) రిపోర్టులు మీకొస్తాయి కదా, వాటిలో లైసెన్సు లేక తిప్పి పంపిన ప్రయత్నాల అంకె ఉంటుంది. ఎంతమంది చూశారు? చేతులెత్తండి. ...ముగ్గురు. కొత్త చందాలు అమ్మడానికి పనికొచ్చే ఆ అంకె పరిశోధనకు పనికిరాదా? అయినా అందులో ఉండేది మీ సంస్థ నుంచి వచ్చినవాళ్లే. ఏ సంస్థా లేని ఆ తల్లి అందులోనూ లేదు.

ఏపీసీల సంగతి చెప్పాలి, వ్యాసం అందరికీ తెరిచి పెట్టడానికి రాసేవాళ్ల దగ్గర వసూలు చేసే ఆ రుసుము. చదివేవాళ్ల ముందున్న తలుపు తీసుకెళ్లి రాసేవాళ్ల ముందు పెట్టారు. కట్టలేక పంపడం మానేసినవాళ్లను ఎవరు లెక్కపెడుతున్నారు?

గంట కొట్టేశారు. బుడాపెస్ట్ దాకా వెళ్లనేలేదు, కాగితం నిర్వాహకులకు ఇచ్చేస్తాను. నా వ్యాసం అంటారా? సహరచయితకు మెయిల్ పెడితే పది నిమిషాల్లో పంపాడు. అదీ ఏ లెక్కలోనూ లేదు.