పాత బెంజ్‌లో డోర్ లాక్‌లు పడటం లేదా? లీకు ఇలా పట్టుకోండి

(షెడ్డులో తెల్ల కారు, బానెట్ ఎత్తి ఉంది, ఇంజిన్ నడుస్తోంది)

అందరికీ నమస్తే. నెల్లూరు ఆటోనగర్ నుంచి మాట్లాడుతున్నా. ఈ చప్పుడు వింటున్నారు గదా, తాళం తీసి నా చేతిలో పెట్టుకున్నా, అయినా ఇంజిన్ ఆగడం లేదు. ఇది మెర్సిడెస్ డబ్ల్యూ123, 1976 నుంచి 1985 దాకా వచ్చిన మోడల్, డీజిల్ 240డి. ఓనర్ గారు ఇంజిన్ పని చేయించాలని తెచ్చారు. నేను ముందు అడిగింది మాత్రం "సార్, మీ డోర్ లాక్‌లు పడుతున్నాయా?" అని. ఏడాదిగా పడటం లేదంట. ఇంకేం, జబ్బు ఒకటే.

(కెమెరా ఇంజిన్ ముందు భాగం మీదికి)

ఈ బండిలో లాక్‌లకి కరెంటు మోటార్లు లేవు. ఇదుగో, ఇంజిన్ ముందున్న ఈ పంపు గాలిని లాగేస్తుంది, అంటే వాక్యూమ్ తయారు చేస్తుంది. బ్రేకు తొక్కేటప్పుడు కాలికి సాయం చేసే బ్రేక్ బూస్టర్‌కి పోయే లావు పైపు ఇది, దీని మీద నుంచి సన్న ప్లాస్టిక్ పైపులు చీలతాయి. ఒకటి డోర్ లాక్‌లకి, ఒకటి తాళం తిప్పగానే డీజిల్ కట్ చేసి ఇంజిన్ ఆపే వాల్వుకి, ఆటోమేటిక్ గేర్ ఉంటే దానికొకటి. అందుకే ఎక్కడో వెనక తలుపులో రబ్బరు చీలితే ఇక్కడ ఇంజిన్ ఆగదు. చీలిన స్ట్రాతో కొబ్బరినీళ్ళు తాగబోతే ఎంత పీల్చినా నీళ్ళు రావే, అదే లెక్క.

ముందు ఇంజిన్ ఆపుదాం. బానెట్ కింద ఇంజిన్ దగ్గర స్టాప్ అని రాసున్న లివర్ ఉంది చూడండి, దీన్ని నొక్కి పట్టుకుంటే ఆగిపోతుంది. చాలామందికి ఇది తెలియక గేర్‌లో వేసి క్లచ్ వదిలి ఆపుతుంటారు, దయచేసి అలా చెయ్యొద్దు.

ఇప్పుడు అసలు పరీక్ష. లాక్‌లకి పోయే సన్న పైపుని ఇక్కడ ఊడదీసి, ఈ మూతిని గట్టిగా మూసేయండి. లావు పైపు జోలికి మాత్రం పోవద్దు, అది బ్రేకుది. తమ్ముడూ, స్టార్ట్ చెయ్... కొంచెం ఆగు, పంపు లాగనీ... ఇప్పుడు తాళం తిప్పి ఆపు.

(ఇంజిన్ ఆగింది)

ఆగింది గదా! పంపు బాగుంది, ఇంజిన్ బాగుంది, లీకు లాక్‌ల వైపే ఉంది. ఒకవేళ ఇలా మూసినా ఆగకపోతే అప్పుడు తాళం వెనకుండే వాక్యూమ్ వాల్వునీ, ఇంజెక్షన్ పంపు, అంటే ఇంజిన్‌కి డీజిల్ కొట్టే పంపు, దాని మీదున్న షటాఫ్ వాల్వునీ చూడాలి. ఈ ఒక్క పరీక్ష చెయ్యకుండా పంపు మార్పించుకుని డబ్బులు పోగొట్టుకున్నవాళ్ళని చూస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

తలుపులు విప్పేముందు బండి చెప్పేది వినండి. మిగతా తలుపుల్లో లాక్ రాడ్‌ని వాక్యూమ్‌తో కదిపే డబ్బా ఉంటుంది. డ్రైవర్ డోర్‌లో అది ఉండదు, ఆ డోర్ మామూలుగా తాళంతోనే పడుతుంది, అక్కడున్న వాల్వే మిగతా తలుపులకీ, డిక్కీకీ, డీజిల్ మూతకీ వాక్యూమ్ పంపిస్తుంది. లాక్ పడి, తెరిచేటప్పుడు మాత్రం రాకపోతే తెరిచే లైనులో లీకు. ఇంజిన్ నడిచేటప్పుడు అన్నీ పనిచేసి, ఆపిన కాసేపటికే చచ్చుబడితే వాక్యూమ్ నిలవ ఉంచే ట్యాంకో, వన్‌వే వాల్వో చూడాలి. ఒక్క తలుపే మొరాయిస్తోందంటే ముందు దాని రాడ్ చేత్తో కదిపి చూడండి, ఒక్కోసారి గ్రీజు ఎండిపోయి బిగుసుకుని ఉంటుంది, అంతే.

గేజీ ఉన్న చేతి పంపు ఉంటే మంచిదే. లేకపోతే మెడికల్ షాపులో దొరికే పెద్ద సిరంజీ చాలు.

(దగ్గరగా: బల్ల మీద తలుపులోంచి తీసిన డబ్బా, దానికి రెండు మూతులు)

మధ్యలో రబ్బరు పొర, అటొక మూతి, ఇటొక మూతి. సిరంజీని సన్న రబ్బరు పైపుతో ఒక మూతికి తగిలించి పిస్టన్ వెనక్కి లాగుతున్నా. రాడ్ కదిలింది. ఇప్పుడు పిస్టన్‌ని అలాగే పట్టుకుంటే నా వేలిని వెనక్కి లాగుతూనే ఉండాలి. కానీ చూడండి, మెల్లగా పట్టు వదిలేస్తోంది. రెండో మూతి మీద వేలు ఆనిస్తే చర్మాన్ని పీలుస్తోంది. రాడ్ కదిలేటప్పుడు కాస్త పీల్చడం మామూలే, రాడ్ ఆగిపోయాక కూడా పీలుస్తోందంటే లోపలి పొర చీలినట్టే. అక్కడ పీల్పు లేకుండానే పట్టు పోతుంటే రాడ్ చుట్టూ ఉన్న రబ్బరు సీల్ పోయిందని.

అన్ని తలుపులూ ఒకేసారి విప్పకండి. డిక్కీ, డీజిల్ మూత డబ్బాలు డిక్కీలోంచే అందుతాయి, ముందు వాటినే చూడండి, ఆ డీజిల్ మూత సంగతి చాలామంది మర్చిపోతారు. తర్వాత తలుపుకీ బాడీకీ మధ్య పైపు మడత పడే చోటు. ఆ తర్వాతే తలుపు లోపల.

గట్టి ప్లాస్టిక్ పైపు త్వరగా పాడవ్వదు, పోయేది జాయింట్ల దగ్గరుండే రబ్బరు ముక్కలే. రోహిణి కార్తెలో రోళ్ళే పగులుతాయంటారు, మన ఎండలకి నలభై ఏళ్ళ నాటి రబ్బరు ఏం ఆగుతుంది? వంచి చూస్తే సన్న నెర్రెలు కనిపిస్తాయి. రొయ్యల చెరువుల సామాన్ల షాపులో దొరికే పలచటి గాలి పైపు తెచ్చి పెట్టొద్దు, అది ఊదే గాలికి పనికొస్తుందిగానీ పీలిస్తే లోపలికి ముడుచుకుపోతుంది. గోడ మందంగా ఉన్న వాక్యూమ్ పైపే అడిగి తీసుకోండి. గమ్ములు పూయొద్దు, టేపులు చుట్టొద్దు.

దీని తర్వాతి బెంజ్ మోడల్, 1995లో పుణెలో తయారీ మొదలైన డబ్ల్యూ124 ఉన్నవాళ్ళకి ఒక మాట. మీకు వెనక సీటు కింద కరెంటు పంపు ఉంటుంది, లాక్‌కి పీలుస్తుంది, తెరవడానికి ఊదుతుంది. లాక్ వేశాక అది వెంటనే ఆగకుండా గుయ్‌మంటూ నడుస్తూ ఉంటే లీకుందన్నమాట. అలాగే వదిలేస్తే పంపు కాలిపోతుంది.

"ఇవన్నీ ఎందుకు సార్, పీకేసి ఎలక్ట్రిక్ లాక్ పెట్టేద్దాం" అని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి. తలుపులకి రంధ్రాలు పడతాయి, వైర్లు లాగుతారు, పాత పైపు మూయకుండా వదిలేస్తే ఇంజిన్ ఆగని గొడవ అలాగే ఉంటుంది. ఇంత చక్కగా, చప్పుడు లేకుండా పనిచేసే ఏర్పాటుని కాస్త రబ్బరు కోసం పారేయడం అన్యాయం.

తలుపు ప్యానెల్ తిరిగి బిగించేటప్పుడు లోపలి ప్లాస్టిక్ షీటుని అంచులన్నీ అతికేలా పెట్టండి. కార్తీకంలో వాయుగుండం పట్టిందంటే ఆ సందులోంచే నీళ్ళు కార్పెట్ మీదికి దిగుతాయి.