అపెల్లీస్ గీసిన గీత

అందరికీ నమస్కారం. నేను ఈ రోజు మాట్లాడబోయే చిత్రకారుడి బొమ్మ ఒక్కటి కూడా ఇప్పుడు లేదు. పేరు అపెల్లీస్. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దపు గ్రీకు మనిషి, అలెగ్జాండర్ బొమ్మలు వేసినవాడు. ఆయన గురించి మనకు ఎక్కువగా చెప్పింది రోమన్ రచయిత ప్లినీ, లాటిన్‌లో రాసిన ‘ప్రకృతి చరిత్ర’ 35వ భాగంలో.

అందులో రోడ్స్ ద్వీపం కథంటే నాకు ప్రాణం. అక్కడ ప్రోటోజెనీస్ అనే చిత్రకారుడుండేవాడు. ఆయన పనితనం చూడాలని అపెల్లీస్ ఓడ దిగీ దిగగానే నేరుగా వాళ్లింటికి వెళ్లాడు. మనిషి లేడు. బొమ్మ వేయడానికి నిలబెట్టిన పెద్ద చెక్క పలక, దానికి కాపలాగా ఒక ముసలమ్మ. “ఎవరొచ్చారని చెప్పమంటారు బాబూ?” అందావిడ. “వీడొచ్చాడని చెప్పమ్మా” అని కుంచె తీసుకుని పలక మీద సన్నటి గీత ఒకటి లాగి వెళ్లిపోయాడు.

ప్రోటోజెనీస్ వచ్చి చూడగానే పోల్చుకున్నాడు, ఇది అపెల్లీస్ చెయ్యేనని. ఆ గీత మీదే వేరే రంగుతో ఇంకా సన్నటి గీత గీసి, మళ్లీ వస్తే చూపించమన్నాడు. అపెల్లీస్ మళ్లీ వచ్చాడు. ఓడిపోయానే అని సిగ్గుపడి, మూడో రంగుతో ఆ గీతల్ని చీలుస్తూ మరో గీత లాగాడు. ఇక అంతకన్నా సన్నగా గీయడానికి చోటే లేదు. ప్రోటోజెనీస్ ఓటమి ఒప్పుకుని, ఆ అతిథి కోసం ఓడరేవుకి పరుగెత్తాడు.

ఎంత పని ఉన్నా ఏదో ఒక గీత గీయకుండా అపెల్లీస్ రోజు గడవనిచ్చేవాడు కాదట. ఆ చెయ్యి అలా వచ్చింది.

ఆ పలకను అలాగే దాచారు, తర్వాత అది రోమ్ చేరింది. దూరం నుంచి చూస్తే ఖాళీ పలకే. అయినా గొప్ప గొప్ప చిత్రాల మధ్య దానికే ఎక్కువ పేరు. చివరికి చక్రవర్తి ఇల్లు అంటుకున్నప్పుడు కాలిపోయింది.

తన బొమ్మలో కాలుకి వంక పెట్టిన చెప్పులు కుట్టే ఆయనకు అపెల్లీస్ ఇచ్చిన జవాబు చాలామందికి తెలుసు: నీ మాట చెప్పు దాటి పైకి పోకూడదని. నాకు మాత్రం అంతకు ముందు జరిగిందే ముఖ్యం. బొమ్మలో చెప్పుకి పట్టీ దూర్చే ఉచ్చు ఒకటి తక్కువైందని ఆయన అంటే, అంతటి అపెల్లీస్ ఆ తప్పు దిద్దుకున్నాడు. రోడ్స్‌లో సొంతవాళ్లే ప్రోటోజెనీస్‌ని లెక్కచేయకపోతే, ఆయన బొమ్మల్ని 50 టాలెంట్లకు, అంటే ఆ రోజుల్లో చాలా పెద్ద మొత్తానికి, కొంటానన్నదీ ఈయనే. అపెల్లీస్ వాటిని తనవిగా చెప్పి అమ్ముకుంటాడని పుకారు కూడా తానే పుట్టించాడు. అప్పుడు గానీ ఊరివాళ్లకు కళ్లు తెరుచుకోలేదు.

సముద్రంలోంచి లేచి వస్తున్న ప్రేమ దేవత వీనస్ బొమ్మ కూడా ఈయనదే. రోమన్ చక్రవర్తి అగస్టస్ దాన్ని రోమ్‌లో సీజర్ ఆలయంలో పెట్టించాడు. కింది భాగం పాడైతే, బాగుచేయగలవాడు ఎవరూ దొరకలేదు. పలకంతా పుచ్చిపోయాక, తర్వాతి కాలపు చక్రవర్తి నీరో దాని చోట ఇంకొకరి బొమ్మ పెట్టించాడు.